నేను వదిలెయ్యని గోలు

కాళ్ళు కనపడని ఆట

హాకీలో గోల్‌కీపర్‌ ఎందుకయ్యారని ఎవరైనా అడిగితే, చిన్నప్పటి నుంచీ నాకు బంతంటే భయం లేదని చెప్పేదాన్ని. సన్మానాల్లో అలాగే చెప్పాలి. ఇప్పుడు ఆటా లేదు, ఉద్యోగమూ లేదు కాబట్టి నిజం చెప్పొచ్చు. నన్ను గోల్‌కీపర్‌ని చేసింది మా నాయనమ్మ.

మాది తణుకు దగ్గర పల్లె. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు సూర్యారావు గారు ఆడపిల్లల హాకీ జట్టు కడుతూ, క్లాసులో అందరికన్నా పొడుగ్గా, కాస్త వెడల్పుగా కూడా ఉన్న నన్ను చూశారు. ఇంట్లో అడగడానికి స్వయంగా వచ్చారు. వీధరుగు మీద కూర్చున్న నాయనమ్మ ఒకే ప్రశ్న వేసింది.

"ఏం వేసుకుని ఆడతారండి ఈ ఆట?"

"స్కర్టు అండి. మోకాళ్ళ దాకా ఉంటుంది."

"దాకానా, పైకా?"

మాస్టారు అబద్ధం ఆడలేని మనిషి. "కొంచెం పైకేనండి" అన్నారు.

"అయితే మా పిల్ల ఆడదండి. కాఫీ తాగి వెళ్ళండి."

మాస్టారు కాఫీ తాగుతూ ఆలోచించారు. గ్లాసు కింద పెట్టేలోపు ఆయనకి దారి దొరికింది.

"అమ్మా, జట్టులో ఒక్కరికి మాత్రం స్కర్టుతో పన్లేదండి. పాంటు వేసుకుని, దానిమీద తొడల దాకా ప్యాడ్లు కట్టుకోవాలి. ఛాతీకి దిండు లాంటిది, చేతులకి గ్లవ్సు, నెత్తికి నా స్కూటర్ హెల్మెట్టు. గుళ్ళో అమ్మవారైనా అంత నిండుగా ఉండదండి."

మర్నాడు నాయనమ్మ ఆ సామానంతా ఇంటికి తెప్పించింది. ప్యాడ్లని పరుపు దులిపినట్టు దులిపి, నాకు కట్టించి, చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "దీన్ని నేనే గుర్తుపట్టలేకపోతున్నాను. ఇంక ఊళ్ళోవాళ్ళేం గుర్తుపడతారు? ఆడుకోనీండి" అంది.

నా ఆట అలా మొదలైంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలకి చెప్పేదేమిటంటే, గోల్‌కీపర్‌గా ఎవరూ పుట్టరు. జట్టులో మిగతావాళ్ళు ఎవరూ ఒప్పుకోనప్పుడు ఒకరు అవుతారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మన దేశంలో చాలా ఉద్యోగాలు అలాగే భర్తీ అవుతాయి.

ఆ ముస్తాబు పెళ్ళిచూపులకి మాత్రం అడ్డొచ్చింది. మా ఆయన రాజమండ్రిలో లెక్కల మాస్టారు. పిల్ల ఆట చూడాలని ముచ్చటపడి, తల్లిని వెంటబెట్టుకుని మ్యాచ్‌కి వచ్చారు. ఇద్దరూ నా గోలు వెనకాలే నిలబడి శ్రద్ధగా చూశారు. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారతాయని వాళ్ళకి తెలియదు. ఇంటికి వెళ్ళాక మా అత్తగారు, "పిల్ల మొదట్లో కాస్త తడబడింది గానీ తర్వాత చాలా బాగా ఆడిందిరా" అన్నారట. తర్వాత ఆ గోల్లో నిలబడింది ఎదుటి జట్టు గోల్‌కీపర్, కాకినాడ పిల్ల. ఆవిడ మెచ్చిన పిల్ల ఒకరు, కోడలిగా వచ్చింది మరొకరు. ఈ సంగతి నేను చాలా ఏళ్ళు చెప్పలేదు.

అండి అనేలోపు

తొంభైల మొదట్లో స్పోర్ట్స్ కోటాలో రాజమండ్రిలోని ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఏ ఆఫీసో చెప్పను, అన్ని ఆఫీసులూ ఒకలాగే ఉంటాయి. ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి, "హాకీ అంటే గుర్రం ఎక్కి ఆడేది కదమ్మా? గుర్రం నీదేనా, ప్రభుత్వం ఇస్తుందా?" అని అడిగారు. అది వేరే ఆటండీ అన్నాను. అయితే ఖర్చు తక్కువేనని సంతోషించి నన్ను తీసుకున్నారు.

ఆఫీసు జట్టుకి కెప్టెన్ పద్మజ. రక్షణలో ఆడేది, అంటే నాకూ శత్రువులకీ మధ్య నిలబడేది. ఉద్యోగంలోనూ వయసులోనూ నాకన్నా పెద్ద. గోల్‌కీపర్ చేసే పనిలో సగం నోటితో చెయ్యాలి. మైదానం మొత్తం కనిపించేది తనకే కాబట్టి, ఎవరు ఎక్కణ్ణుంచి వస్తున్నారో అరిచి చెప్పాలి. నేను పెరిగిన చోట పెద్దవాళ్ళ మీద అరవడం లేదు. మొదటి మ్యాచ్‌లో పద్మజ వెనకనుంచి ఎదుటి జట్టు పిల్ల ఒకతె దూసుకొస్తోంది. నేను గొంతు సవరించుకుని, "పద్మజ గారూ, మీ వెనకాల ఒకావిడ వస్తున్నారండీ..." అన్నాను.

అండీ అనేసరికి బంతి నా వెనక ఉంది.

పద్మజ నడుం మీద చేతులేసుకుని నా దగ్గరికి వచ్చింది. "ఆవిడ వస్తున్నారా? కాఫీ ఏమైనా ఇద్దామా?" అంది. తర్వాత నా హెల్మెట్టు మీద కర్రతో మెల్లగా ఒకటి వేసి, "గోలు ముందున్న ఈ సున్నం గీత లోపల నేను నీకు గారు కాను. 'పద్మా, వెనక!' అంతే. బయటికెళ్ళాక ఎన్ని గార్లు కావాలంటే అన్ని తగిలించుకో" అంది.

నాకెవరైనా శిక్షణ ఇచ్చారంటే ఆ మాట ఒక్కటే. మర్యాద మంచిదే. కానీ మా గోదావరి జిల్లాల్లో మర్యాద మొదలుపెట్టి పూర్తిచేసేలోపు జరగాల్సిన నష్టం జరిగిపోతుంది.

ఆఫీసులో నా పై అధికారి జగన్నాథం గారు. క్రీడల వ్యవహారాలు కూడా ఆయనే చూసేవారు. నేను గోల్‌కీపర్‌నని తెలియగానే ఆయన ముఖం వెలిగిపోయింది. నా కుర్చీ తెచ్చి తన గది తలుపు పక్కన వేయించారు.

"ఎవరొచ్చినా లోపలికి రానివ్వకమ్మా. నీ విద్యే కదా!"

పింఛను కాగితాల కోసం వచ్చే ముసలివాళ్ళని, సంతకం కోసం తిరిగే వితంతువుల్ని ఆపడానికి నాకు జీతం. చాలామందిని ఆపాను. ఒకరోజు పెద్దాపురం నుంచి రిటైర్డ్ పంతులుగారు ఒకరు వచ్చారు. ఎడమవైపు కిటికీలోకి తొంగిచూసి, నేను అటు తిరగ్గానే కుడివైపునుంచి తలుపులో దూరబోయారు. ఆ వయసులో అంత చక్కటి మోసపు కదలిక నేను మైదానంలో కూడా చూడలేదు. ఆపగలను. కానీ ఆట తెలిసిన మనిషిని గౌరవించాలి కదా, పక్కకి జరిగాను. సంతకం చేయించుకుని నవ్వుతూ బయటికి వచ్చారు.

"ఏంటమ్మా, గోలు వదిలేశావు?" అన్నారు జగన్నాథం గారు.

"బాగా కొట్టారండి" అన్నాను. మర్నాడు నన్ను ఉత్తరాలకి బిళ్ళలంటించే సెక్షన్‌లో వేశారు. నా వృత్తి జీవితంలో తెలిసి వదిలిన గోలు అదొక్కటే. దీన్ని గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే లోకం ఇంకోలా చెప్పుకుంది.

గోడకి కిటికీ

భీమవరం దగ్గర నారాయణరాజు గారని ఒక పెద్ద రైతు ఉండేవారు. వరి పోయి రొయ్యలు వచ్చిన రోజుల్లో బాగా కలిసొచ్చిన కుటుంబం. తల్లిగారి పేరు మీద ఏటా ఆడవాళ్ళ హాకీ కప్పు పెట్టేవారు. మైదానం ఆయనదే, గోలుకి కట్టిన వల ఆయన రొయ్యల చెరువుదే, అంపైర్లకి బస ఆయన ఇంట్లోనే. ఆయన ఊరి జట్టులో ముందు వరసలో ఆడేది ఆయన కూతురు లావణ్య, కాలేజీలో చదువుకుంటున్న పిల్ల.

ఆ ఏడు ఫైనల్లో మేమూ వాళ్ళూ పడ్డాం. మధ్యాహ్నం మా జట్టు మొత్తానికి రాజుగారింట్లో భోజనం. పనసపొట్టు కూర, గుత్తొంకాయ, కొరమేను పులుసు, రొయ్యల వేపుడు, కోడికూర, బొబ్బట్లు, కత్తితో కోయాల్సినంత గట్టి పెరుగు. వడ్డించేవాళ్ళు వెనకే నిలబడి, "అయ్యో, ఏం తినలేదేంటండి? వంటలు బాలేవాండి?" అని బాధపడిపోయేవారు. వాళ్ళ బాధ చూడలేక మావాళ్ళు తింటూనే ఉన్నారు. వాళ్ళ ఊరి జట్టు పిల్లలు మాత్రం బడి వరండాలో పెరుగన్నం తింటున్నారని చెయ్యి కడుక్కోడానికి వెళ్ళినప్పుడు చూశాను. మ్యాచ్ ముందు మజ్జిగ తప్ప ముట్టకపోవడం నా అలవాటు. మా వైపు ఆడేవాళ్ళందరికీ నా సలహా కూడా అదే. మన దగ్గర ఓడించడానికి ఎవరూ కొట్టరు, పెడతారు.

భోజనాలయ్యాక రాజుగారు నన్ను వసారాలోకి పిలిచారు. జగన్నాథం గారు అప్పటికే అక్కడ పడక కుర్చీలో ఉన్నారు.

"సత్యవేణి గారూ, మీరు గోల్లో నిలబడితే గోడ కట్టినట్టుంటుందండి" అన్నారు రాజుగారు.

"మీ అభిమానం అండి."

"గోడన్నాక ఒక కిటికీ ఉండాలి కదండీ. గాలాడాలి. మా లావణ్యకి ఈ ఏడాదితో చదువైపోతుంది. ఇంక మళ్ళీ ఆడుతుందో లేదో. మా అమ్మగారి కప్పులో దాని చేత్తో ఒక్క గోలు పడితే చాలండి. మీరు ఓడిపోనక్కర్లేదు. మీవాళ్ళు రెండు కొట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు."

తిన్నవాళ్ళు రెండు కొట్టడం సంగతి ఆయనకి బాగా తెలుసు.

జగన్నాథం గారు మెల్లగా అందుకున్నారు. "మనం గెలిచి ఏం చేసుకుంటాం అమ్మా? కప్పు పెట్టుకోడానికి ఆఫీసులో బీరువా కూడా లేదు. అన్నట్టు, కోటాలో వచ్చినవాళ్ళని దూరం బదిలీ చేస్తారంటున్నారు. నీ పిల్లలు రాజమండ్రి బళ్ళోనే కదా చదువుతున్నారు? చిన్నపిల్లలు, పాపం."

ఆయనకి రాజుగారి చెరువుల పక్కన ఒక పొలం ముక్క కొనుక్కోవాలని కోరిక ఉందని మా అందరికీ తెలుసు.

నేను "చూద్దామండి" అన్నాను.

మా వైపు మాటలు తెలియనివాళ్ళకి ఇది చెప్పాలి. చూద్దామండి అంటే, అన్నవాళ్ళ లెక్కలో కాదని అర్థం. విన్నవాళ్ళ లెక్కలో అవునని అర్థం. మొహం మీద కాదనడం మర్యాద కాదు కాబట్టి ఈ మాట పుట్టింది. రాజుగారు సంతోషంగా రెండు చేతులూ జోడించారు.

స్ట్రోక్

మ్యాచ్ మొదలైంది. మా ముందు వరస పిల్లలు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. పద్మజ వెనక్కి తిరగాలంటే గోదావరిలో పంటు పడవ తిరిగినట్టు తిరుగుతోంది. దాంతో బంతి మొత్తం నా దగ్గరే ఉంది.

లావణ్య ఆట చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. రాజుగారి కూతురని జట్టులో పెట్టుకున్నారనుకున్నాను. కాదు. బంతి ఆ పిల్ల కర్రకి అతుక్కుని వచ్చేది. మొదటి సగంలో రెండుసార్లు గట్టిగా కొట్టింది, రెండూ ఆపాను. ఆపిన ప్రతిసారీ వేదిక మీద కూర్చున్న రాజుగారు నావైపు ఓపిగ్గా చూశారు, ఇంకా టైముందిలే అన్నట్టు.

రెండో సగం చివర్లో లావణ్య కొట్టిన బంతి నన్ను దాటి గోల్లోకి పోతుంటే గీత మీదున్న పద్మజ కాలికి తగిలి ఆగింది. కాలితో ఆపకూడదు. అంపైరు పెనాల్టీ స్ట్రోక్ ఇచ్చాడు. ఆ రోజు మొత్తమ్మీద అతను సరిగ్గా ఇచ్చిన నిర్ణయం అదే. స్ట్రోక్ అంటే గోలుకి ఎదురుగా, దగ్గర్లో బంతి పెడతారు. కొట్టేవాళ్ళూ, గోల్‌కీపరూ తప్ప మధ్యలో ఎవరూ ఉండరు.

సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథి కారు దిగాడు. బ్యాండు మేళం మొదలైంది. వేదిక మీదున్నవాళ్ళు లేచారు. వీడియో తీసే అతను కెమెరా అటు తిప్పేశాడు.

గీత మీద నిలబడి ఆలోచించానా అంటే, ఆలోచించాను. రెప్పపాటు ఆలస్యంగా దూకితే చాలు. ఎవరూ పట్టుకోలేరు. పిల్లలు అదే బళ్ళో చదువుకుంటారు, మా ఆయన సైకిల్ మీద వాళ్ళని దింపుతారు, అంతా ఎప్పటిలాగే ఉంటుంది. అప్పుడు లావణ్య మొహం చూశాను. పెదవి కొరుక్కుంటూ, నేను ఎటు ఒరుగుతానా అని నా పాదాలే చూస్తోంది. కాళ్ళు వణుకుతున్నాయి. ఆ పిల్లకి ఏమీ తెలియదని అర్థమైంది. అమ్ముడుపోయిన గోల్‌కీపర్ని చూసి ఎవరూ అలా వణకరు.

ఈల మోగింది. నాలో ఉన్న బలమంతా పెట్టి కుడివైపు దూకాను. సరైన వైపే దూకాను, సరైన సమయానికే దూకాను. బంతి నా కర్ర చివర మీదుగా, వల పైమూలకి వెళ్ళిపోయింది. దాని గాలి నా మణికట్టుకి తగిలింది. భుజం మీద పడ్డాను. ఆ నొప్పి ఇప్పటికీ వానాకాలం వస్తే పలకరిస్తుంది.

లేచి చూసేసరికి వేదిక మీద రాజుగారు చేతులు జోడించి నాకు నమస్కారం పెడుతున్నారు. పక్కన జగన్నాథం గారు, మా జట్టు మేనేజరు, ఎదుటి జట్టు గోలుకి చప్పట్లు కొడుతున్నారు. మధ్యాహ్నం నన్ను వసారాలోకి పిలవడం చూసిన పద్మజ ఆ నమస్కారాన్నీ చూసింది. తర్వాత నావైపు చూసింది.

అందరి దయ

ఆ ఒక్క గోలుతో ఓడిపోయి వ్యానులో తిరిగొస్తున్నాం. తణుకు దాటాక పద్మజ నా పక్కకి వచ్చి కూర్చుంది.

"పోనీలే వేణీ. పిల్లలు గలదానివి" అంది.

"నేను నిజంగానే దూకాను పద్మా!"

"దూకావులే. బాగా దూకావు. ఎవరికీ అనుమానం రాదు."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టినవాళ్ళకి జవాబు చెప్పొచ్చు. జట్టు మొత్తం నన్ను మనస్ఫూర్తిగా క్షమించేసింది. చెయ్యని తప్పుకి క్షమించేస్తే, దాన్ని వెనక్కి ఇచ్చే మార్గం ఏ నిబంధనల్లోనూ లేదు.

రెండ్రోజుల తర్వాత ఆఫీసునుంచి ఇంటికి వచ్చేసరికి వీధిలోకే మసాలా వాసన వస్తోంది. మా అత్తగారు గుమ్మంలోనే ఎదురయ్యారు.

"భీమవరం నుంచి ఎవరో రాజుగారట, బుట్టనిండా రొయ్యలు పంపించారే. ఐసు వేసి మరీ! ఎంత మర్యాదస్తులో!"

"అత్తయ్యా, అవి వెనక్కి పంపించెయ్యాలి."

"ఎలా పంపిస్తావు? ఇగురు పెట్టేశాను."

నేను ముట్టుకోలేదు. అలిగానని ఆవిడ అనుకున్నారు. అబద్ధమెందుకు, మర్నాడు పొద్దున్న మిగిలిన ఇగురు చద్దన్నంలోకి వేసుకున్నాను. ఆకలి ముందు పౌరుషం ఒక రాత్రి నిలబడింది, అదే ఎక్కువ.

బదిలీ రాలేదు. పైగా జగన్నాథం గారు నా సీటు ఫ్యాను కిందకి మార్పించారు. దాంతో అనుమానం ఉన్న ఒకరిద్దరికి కూడా అది తీరిపోయింది. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఆ గోలు కథ ఆఫీసులో తిరుగుతూనే ఉంది.

మళ్ళీ కొట్టు

నెల తిరక్కుండానే ఒక ఉదయం, ప్రాక్టీసు మైదానానికి లావణ్య వచ్చింది. ఒక్కతే, కర్ర భుజాన వేసుకుని. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అక్కా, నాన్నగారు ఇంట్లో చుట్టాలకి చెబుతుంటే విన్నాను. మీరు వదిలేశారంట కదా?"

"వదల్లేదమ్మా."

"మీరు మంచివాళ్ళు కాబట్టి అలా అంటారు. నాకు నిజం చెప్పండి. చిన్నప్పటి నుంచీ నాకు పరుగు పందెంలో ఫస్టొచ్చినా, పాటల పోటీలో ఫస్టొచ్చినా, వెనక నాన్నగారు ఎవరితో మాట్లాడారో తర్వాత తెలిసేది. ఇదొక్కటే నాదనుకున్నాను." కర్ర నా ముందు పెట్టింది. "ఇది మీరే ఉంచుకోండి. నేనింక ఆడను."

ఇలాంటప్పుడు ఓదార్పు మాటలు పనికిరావు. ఓదార్పు కూడా ఆ పిల్లకి రొయ్యల బుట్టలాగే కనిపిస్తుంది. ప్యాడ్లు కట్టుకున్నాను. భుజం ఇంకా నొప్పిగానే ఉంది. గోల్లో నిలబడి, "కొట్టు" అన్నాను.

"ఎందుకు?"

"ఇవాళ నాకెవరూ భోజనం పెట్టలేదు. కొట్టు."

మొదటిది కోపంగా కొట్టింది, కాలితో తన్నేశాను. రెండోది ఆపాను. ఆ తర్వాతదీ ఆపాను. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, ఊపిరి తీసుకుని, నా పాదాలు చూసింది. ఈసారి బంతి అచ్చం ఆ రోజులాగే లేచింది, కుడి భుజం మీదుగా, పైమూలకి. దూకాను, అందలేదు. మళ్ళీ కొట్టమన్నాను. మళ్ళీ అక్కడికే. ఎటు వస్తుందో తెలిసీ అందుకోలేకపోయాను. 'అమ్మాయీ, ఈ బంతి నేనే కాదు, నాకన్నా గొప్పవాళ్ళు కూడా ఆపలేరు' అనుకున్నాను లోపల.

నేల మీద పడున్న నన్ను లేపడానికి చెయ్యి ఇస్తూ, "తిట్టుకుంటున్నారేంటక్కా లోపల్లోపల?" అంది.

"నిన్నే."

అప్పుడు నవ్వింది. కర్ర తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాత యూనివర్సిటీకి ఆడింది. పాలకొల్లులో ఒక కాలేజీలో ఆటలు నేర్పే ఉద్యోగం తెచ్చుకుంది. దానికి కూడా నాన్నగారు ఎవరితోనైనా మాట్లాడారేమోనని మొదటి ఏడాదంతా భయపడిందట.

సన్మానం

కొన్నేళ్ళకి నా భుజం ఇంక వద్దంది. ఆఫీసువాళ్ళు రాజమండ్రిలో ఒక హాలు తీసుకుని, ఆటనుంచి నాకు వీడ్కోలు సభ పెట్టారు. ముఖ్య అతిథి నారాయణరాజు గారు. జట్టువాళ్ళంతా వచ్చారు. జగన్నాథం గారు అప్పటికి రిటైరయ్యారు, ముందు వరసలో కూర్చుని నిద్రపోయారు. లావణ్య కూడా వచ్చింది.

రాజుగారు శాలువా చేతిలో పట్టుకుని మైకు ముందుకొచ్చారు. నా ఆట గురించి, నా క్రమశిక్షణ గురించి మంచిమాటలు చెప్పారు. ఆఖర్న నావైపు చెయ్యి చూపించారు.

"ఈ రోజుల్లో ఇచ్చిన మాట నిలబెట్టుకునేవాళ్ళు ఎక్కడున్నారండి? ఒక తండ్రి మనసు తెలుసుకుని, మా అమ్మగారి కప్పులో మా అమ్మాయికి ఒక గోలు ఇచ్చిన తల్లి ఈవిడ. ఈ జన్మలో మరిచిపోనండి."

హాలంతా చప్పట్లు. ఆయన అది నిందగా చెప్పలేదు. అంతకన్నా గొప్ప మెప్పు ఆయనకి తెలియదు. లావణ్య తల వంచుకుని కూర్చుంది. ఆ తల చూశాక నాకు మర్యాద సాగలేదు. మైకు నా వైపు తిప్పుకున్నాను.

"రాజుగారూ, క్షమించాలండి. మీ మాట నేను నిలబెట్టలేదు. ఆ రోజు మీ ఉప్పు తినలేదు కాబట్టి చెబుతున్నాను, మజ్జిగే తాగాను. ఆ బంతిని ఆపాలనే దూకానండి."

రాజుగారు శాలువాతో సహా నావైపు తిరిగారు.

"మీరు నిజంగానే ఆపబోయారా అండి?" అన్నారు రాజుగారు.

"నా శాయశక్తులా అండి."

"మరి, చూద్దామన్నారు కదండీ!"

"చూశానండి. చూస్తుండగానే వెళ్ళిపోయింది."

ముందు పద్మజే నవ్వింది. తర్వాత జట్టంతా, తర్వాత హాలంతా. ఆ గోలకి జగన్నాథం గారు లేచి, ఏదో అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. పద్మజ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, "చెప్పొచ్చు కదే ఇన్నాళ్ళూ!" అని కిందనుంచి అరిచింది.

"చెప్పాను. బాగా దూకావన్నావు."

రాజుగారు మాత్రం నవ్వలేదు. మైకు పక్కన అలాగే నిలబడిపోయారు. కూతురికి తాను ఏర్పాటు చేసినవన్నీ ఆయన మనసులో వరసగా తిరుగుతున్నట్టున్నాయి. అందులో ఒకటి ఆయన ఏర్పాటు కాదని తేలింది. మెల్లగా మెట్లు దిగి, లావణ్య పక్క కుర్చీలో కూర్చున్నారు.

"అయితే, ఎలా కొట్టావమ్మా అది?" అని అడిగారు.

ఆ పిల్ల తండ్రి మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత ఒళ్ళో ఉన్న గొడుగు తిరగేసి పట్టుకుని లేచి నిలబడింది. "ముందు ఆవిడ పాదాలు చూశాను నాన్నా. బరువు ఏ కాలి మీద వేస్తారా అని..." అంటూ కుర్చీల మధ్య దారిలో చూపించడం మొదలుపెట్టింది. రాజుగారు ముందుకు వంగి, గొడుగు కొసనే చూస్తూ వింటున్నారు. నాకు కప్పాల్సిన శాలువా ఆయన చేతిలోనే ఉండిపోయింది. నేను అడగలేదు.